క్లిప్పును తిరగేసి చూడండి

కారు బానెట్ తెరిచి ఉన్నప్పుడు ఎప్పుడైనా లోపలికి తొంగి చూశారా? రేడియేటరు నుంచి ఇంజనుకు లావుపాటి నల్లని రబ్బరు గొట్టం ఒకటి వెళ్తుంది. దాని రెండు చివర్లలోనూ లోహపు మూతుల మీద రబ్బరు జారిపోకుండా ఒక పట్టీ బిగించి ఉంటుంది. పట్టీకి వరసగా గాట్లు, ఒక పక్క చిన్న స్క్రూ. స్క్రూ తిప్పిన కొద్దీ దాని మరలు గాట్లలో పడి పట్టీని ముందుకు లాగుతాయి, పట్టీ గొట్టాన్ని నొక్కుతుంది. పొలాల్లో నీళ్ల ఇంజన్లకూ ఇదే ఉంటుంది. మెకానిక్కులు దీన్ని క్లిప్పు అనో క్లాంపు అనో అంటారు. బ్రిటిష్ నౌకాదళంలో కమాండరుగా పనిచేసిన లమ్లీ రాబిన్సన్ 1921లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఓడల మనిషి తయారు చేసిన వస్తువు కాబట్టి, ఓడల దగ్గరికే వెళ్లి దాని సంగతి మాట్లాడుకుందాం.

విశాఖపట్నం చేపలరేవుకు వెళ్తే వరసగా కట్టేసిన మరపడవలు కనిపిస్తాయి. పడవ పొట్టలో డీజిలు ఇంజను ఉంటుంది. ఇంజను పనిచేస్తే వేడెక్కుతుంది, దాన్ని చల్లబరచాలి. సముద్రం మీద నీటికి కరువేముంది? కాబట్టి చాలా రకాల పడవ ఇంజన్లలో సముద్రపు నీటినే పైకి తోడి, ఇంజను వేడిని దానికి ఎక్కించి, మళ్లీ సముద్రంలోకి వదిలేస్తారు. ఆ నీరు లోపలికి రావాలంటే పడవ అడుగున, నీటిమట్టానికి కింద, ఒక రంధ్రం ఉండాలి. అవును, కావాలనే పెట్టిన రంధ్రం. దానికి ఇత్తడి లేదా కంచు కవాటం, కవాటానికి రబ్బరు గొట్టం, గొట్టానికి క్లిప్పు.

ఇప్పుడు ఆలోచించండి. పడవ బయట సముద్రం ఉంది. లోపల మనుషులున్నారు. మధ్యలో మందపాటి చెక్కలున్నాయి, వాటికి రంగు పూశారు, సందులు పూడ్చారు. ఇంత బందోబస్తూ ఒక్క చోట మాత్రం ఆగిపోయి, ఆ బాధ్యత అంగుళంలో సగం వెడల్పయినా లేని ఒక పట్టీ మీద పడుతుంది.

ఆ పట్టీ తెగి గొట్టం ఊడితే ఏమవుతుందో లెక్క కట్టవచ్చు. 17వ శతాబ్దపు ఇటలీ శాస్త్రజ్ఞుడు టోరిసెల్లి చెప్పిన సూత్రం ప్రకారం, నీటిమట్టానికి అర మీటరు కింద ఉన్న రంధ్రం గుండా నీరు, అర మీటరు ఎత్తు నుంచి జారిపడిన రాయి ఎంత వేగం అందుకుంటుందో అంత వేగంతో దూసుకొస్తుంది. అంటే సెకనుకు దాదాపు 3.1 మీటర్లు. రంధ్రం వ్యాసం 25 మిల్లీమీటర్లు అనుకుందాం. అంచుల దగ్గర ధార సన్నబడుతుంది కాబట్టి లెక్కలో వచ్చినదానిలో పది వంతులకు ఆరు వంతులే తీసుకున్నా, నిమిషానికి 55 లీటర్లు లోపలికి వస్తాయి. 12 లీటర్ల బకెట్టు 13 సెకన్లలో నిండిపోతుంది. గంట తిరిగేసరికి మూడు టన్నులకు పైగా నీరు! బకెట్టుతో తోడిపోసే మనిషి ఎంతసేపు నిలబడగలడు?

ఇంకో రకం ప్రమాదం కూడా ఉంది. నీటిని తోడే పంపుకు అవతలి పక్క గొట్టం ఊడిందనుకోండి. పంపు తన పని తాను చేస్తూనే ఉంటుంది. సముద్రాన్ని తోడి తోడి పడవలోనే పోస్తుంది. ఇంజనుకు నీరందదు, అది కాలిపోతుంది. ఒక్క క్లిప్పు పోయినందుకు పడవలోకి నీరు రావడం, పడవను ఒడ్డుకు చేర్చాల్సిన ఇంజను ఆగిపోవడం రెండూ ఒకేసారి జరుగుతాయి. పొగతో పాటు నీటిని బయటికి పంపే గొట్టం ఊడితే కార్బన్ మోనాక్సైడు కూడా లోపలికి వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు.

ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. నాకు ఒక ఫిర్యాదు ఉంది, దాన్ని మీ ముందు పెట్టాలని. తుప్పు గురించి మనం బడిలో నేర్చుకునేది పాఠంలోనే ఉండిపోతోంది. ఇనుము, ఆక్సిజన్, నీరు కలిస్తే తుప్పు అని పరీక్షలో రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నవాడు కూడా, ఒక క్లిప్పు ఇచ్చి ‘ఇది బాగుందా?’ అని అడిగితే, పైన మెరుస్తున్న వైపు చూసి ‘బాగుంది’ అనేస్తాడు. తుప్పు ఎందుకు పడుతుందో తెలిసినవాడికి అది ఎక్కడ పడుతుందో కూడా తెలియాలి కదా! అక్కడ వెతకడం రాకపోతే ఆ పాఠం సగమే వచ్చినట్టు అని నేనంటాను.

పైన మెరుస్తుంటే సరిపోదని ఎందుకంటున్నానో చెబుతాను. పడవల్లో వాడే మంచి క్లిప్పులు స్టెయిన్‌లెస్ స్టీలువి. ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో 1913లో హారీ బ్రియర్లీ ఇలాంటి ఉక్కును తయారు చేశాడు. ఇనుములో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిపితే, ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోహం మీద ఒక పొర కడుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో పది లక్షల వంతులు కొన్ని మాత్రమే. కంటికి కనిపించదు. గీత పడితే తనంతట తానే మళ్లీ కట్టుకుంటుంది. మన వంటింటి గిన్నెలు ఏళ్ల తరబడి మెరవడానికి కారణం ఈ పొరే.

అయితే ఇందులో ఒక షరతు ఉంది. పొర మళ్లీ కట్టుకోవాలంటే ఆక్సిజన్ అందాలి. గిన్నెకు గాలి అందుతుంది. క్లిప్పు పట్టీ అడుగు భాగం రబ్బరుకు అతుక్కుని ఉంటుంది. ఆ సందులోకి ఉప్పునీరు చేరి కదలకుండా నిలిచిపోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. సందులోని నీటిలో ఉన్న కాస్త ఆక్సిజనూ త్వరగా ఖర్చయిపోతుంది, కొత్తది రాదు. అక్కడికి క్లోరైడు అయాన్లు చేరి పేరుకుంటాయి, నీరు ఆమ్లంగా మారుతుంది. రక్షణ పొర ఒక చోట చిరుగుతుంది, ఇక కుట్టుకోదు. అక్కడ సూదిమొనంత గుంట మొదలై లోపలికి తొలుచుకుపోతుంది. గాలి తగిలే పైభాగం మాత్రం పెళ్లిలో వెండిగిన్నెలా మెరుస్తూనే ఉంటుంది!

‘స్టెయిన్‌లెస్’ అంటే మరక పడనిది అని అర్థం. నా ఉద్దేశంలో ఆ పేరు చేసిన మేలు ఎంతో చెరుపూ అంతే. పేరు చూసి నమ్మి, జనం చూడటం మానేస్తారు.

ఒకసారి రేవులో ఒక వృద్ధ మేస్త్రీ ఇంజను గదిలో పనిచేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. ఆయన క్లిప్పును కళ్లతో చూడలేదు. వేలు కిందికి పోనిచ్చి, గొట్టం అడుగు వైపు పట్టీని తడిమాడు. ఒక క్లిప్పు దగ్గర ఆగాడు. పైకి అది కొత్తదానిలా ఉంది. “ఇది పోయింది బాబూ” అన్నాడు. స్క్రూడ్రైవరు పెట్టి అర చుట్టు తిప్పాడో లేదో, పట్టీ కిందివైపు పుటుక్కున తెగింది. విరిగిన చోట మందంలో ముప్పాతిక వంతు గోధుమరంగు తుప్పు, మిగిలింది సన్నని వెండి గీత. ఆ గీతే అంతదాకా సముద్రాన్ని ఆపుతోంది. మీకెలా తెలిసిందని అడిగితే, “నీళ్లు కిందికే కదా దిగుతాయి, కుళ్లు కిందే ఉంటది” అన్నాడు. ఆయన బడికి వెళ్లిన రోజులు తక్కువే. కానీ పరిశీలన అనే మాటకు అర్థం ఆ రోజు నాకు ఆయన వేలికొసలోనే కనిపించింది.

పట్టీ ఒక్కటే కాదు, స్క్రూ కూడా చూడాలి. కొన్ని క్లిప్పుల్లో పట్టీ స్టెయిన్‌లెస్ స్టీలుదే అయినా స్క్రూ మాత్రం జింకు పూత పూసిన మామూలు ఉక్కు. జింకు మొదట తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. స్క్రూ మీద తెల్లని పొడి కనిపిస్తే జింకు ఖర్చయిపోతోందని గుర్తు. ఆ తర్వాత ఎర్రని తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి స్క్రూ తన గూటిలోనే బిగుసుకుపోతుంది, బిగించడానికీ రాదు, విప్పడానికీ రాదు. కొన్ని క్లిప్పుల మీద డబ్ల్యూ 1 నుంచి డబ్ల్యూ 5 దాకా గుర్తులుంటాయి. డబ్ల్యూ 1 అంటే అంతా పూత పూసిన మామూలు ఉక్కు, డబ్ల్యూ 2 అంటే పట్టీ స్టెయిన్‌లెస్, స్క్రూ మామూలుది. డబ్ల్యూ 4 అయితే స్క్రూతో సహా అంతా క్రోమియం, నికెల్ కలిసిన ఉక్కు. డబ్ల్యూ 5లో వాటికి తోడు మాలిబ్డినం కూడా ఉంటుంది, అది ఉప్పునీటికి ఇంకొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది. ఓర్చుకుంటుంది అన్నాను గాని, ఎప్పటికీ చెడదు అనలేదు.

గుర్తు లేని క్లిప్పయితే అయస్కాంతంతో చూడవచ్చు. స్క్రూను గట్టిగా లాగితే అది మామూలు ఉక్కు కావచ్చని అనుమానించాలి. అయితే అయస్కాంతం మాటే తీర్పు కాదు. క్రోమియం మాత్రమే కలిసిన స్టెయిన్‌లెస్ రకాలను కూడా అయస్కాంతం లాగుతుంది. నికెల్ ఉన్న మంచి పట్టీ కూడా కర్మాగారంలో వంపులు తిరిగేటప్పుడు కొద్దిగా అయస్కాంత గుణం తెచ్చుకుంటుంది. ఒక్క పరీక్షతో తేల్చేసేవాళ్లను నమ్మకండి.

చూడటం వల్ల ఎంత శాస్త్రం పుట్టిందో చెప్పడానికి ఒక పాత కథ ఉంది. ఓడపురుగు చెక్కను తొలిచేస్తోందని బ్రిటిష్ నౌకాదళం 1761లో ‘అలారం’ అనే యుద్ధనౌక అడుగుభాగానికి రాగిరేకు తొడిగించింది. పురుగు బెడద తగ్గింది. కానీ 1763లో ఓడను పరీక్షించినప్పుడు చూస్తే చాలా చోట్ల రేకులు ఊడిపోయి ఉన్నాయి. వాటిని పట్టి ఉంచిన ఇనుప మేకులు తినేసినట్టు అయిపోయాయి. అన్నీ కాదు, కొన్ని మేకులు మాత్రం బాగానే ఉన్నాయి! ఎందుకని? రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితాన్ని పూర్తిగా తీసేయకుండా కొన్నిచోట్ల అలాగే వదిలేశారు. కాగితం అడ్డుపడిన చోట రాగి, ఇనుము ఒకదాన్నొకటి తాకలేదు, మేకు మిగిలింది. సముద్రపు నీటిలో రాగినీ ఇనుమునూ తాకనిస్తే ఇనుము ఎలక్ట్రానులు వదిలి కరిగిపోతుందని ఇప్పుడు మీరు చదువుకుంటున్నారు. ఓల్టా తన ఘటాన్ని ప్రపంచానికి చూపించింది 1800లో. అంతకు దాదాపు నలభై ఏళ్ల ముందే ఒక ఓడ అడుగున ఆ పాఠం రాసి ఉంది. మేకుల్ని ఒక్కొక్కటిగా చూసినవాళ్లకే అది కనిపించింది.

1824లో హంఫ్రీ డేవీ దీన్నే తిరగేసి వాడాడు. రాగిని కాపాడాలంటే దానికి ఇనుము ముక్కలో జింకు ముక్కలో తాకించి ఉంచండి, అవి కరిగి రాగిని నిలబెడతాయి అన్నాడు. అలాగే జరిగింది. కాని రాగి కరగడం ఆగేసరికి నత్తగుల్లలూ నాచూ హాయిగా పట్టేసి ఓడలు నెమ్మదించాయి. రాగి కొద్దికొద్దిగా కరుగుతూ ఉండటం వల్లే అంతకుముందు అవి అంటుకోలేదన్నమాట. ఇదీ ప్రయోగశాలలో తేలలేదు, ఓడ అడుగున చూస్తేనే తెలిసింది.

సరే, క్లిప్పుల దగ్గరికి వద్దాం. కొందరు పడవ యజమానులు అనేమాట ఒకటుంది: “పట్టుకునే ఉంది కదా, ఎందుకు మార్చడం?” ఇది కేవలం పిసినారితనం అని నేననను. మన ఇళ్లలో పాత వస్తువును చివరిదాకా వాడటం మంచి అలవాటే. తాడు నలుగుతుంటే పోగులు లేస్తాయి, చెప్పు అరుగుతుంటే తెలుస్తుంది, వాటిని చివరిదాకా వాడవచ్చు. క్లిప్పు అలా కాదు. అది ముందుగా చెప్పదు. తెగే క్షణం దాకా పూర్తిగా పట్టుకునే ఉంటుంది. కాబట్టి ‘పట్టుకునే ఉంది’ అన్న మాట దాని ఆరోగ్యం గురించి ఏమీ చెప్పడం లేదు. పైగా ఒక మంచి క్లిప్పు ఖరీదు ఎంత? మహా అయితే ఒకటి రెండు టిఫిన్ల ఖర్చు.

దీనికి పూర్తిగా ఎదురు వాదం కూడా విన్నాను: ప్రతి ఏడూ కళ్లు మూసుకుని అన్నిటినీ మార్చేయాలని. ఇందులోనూ ఇబ్బంది ‘కళ్లు మూసుకుని’ అన్నచోటే ఉంది. పాతదాన్ని చూడకుండా పారేసినవాడు కొత్తదాన్ని కూడా చూడకుండానే బిగిస్తాడు. ఆ కొత్తదాని స్క్రూ మామూలు ఉక్కుది కావచ్చు. పాతది ఎక్కడ చెడిందో చూసి ఉంటే, అదే చోట కొత్తది కూడా చెడుతుందని తెలిసేది. మార్చడం మంచిదే. తిరగేసి చూశాక మార్చడం ఇంకా మంచిది.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. పడవల మరమ్మతులకు కూడా అదే అదను. మీ నాన్నగారో, మామయ్యో, బాబాయో వేటకు వెళ్లేవారైతే ఆ రోజుల్లో వాళ్ల వెంట ఇంజను గదిలోకి దిగండి. ఒక టార్చిలైటు, ఒక చిన్న అద్దం పట్టుకెళ్లండి. పళ్ల డాక్టరు నోట్లో పెట్టే అద్దంలా, మీ అద్దాన్ని గొట్టం కిందికి పెట్టి పట్టీ అడుగు భాగం చూడండి. ఇంజను ఆగి చల్లబడి ఉండాలి. చూడటం మీ పని, విప్పడం పెద్దవాళ్ల పని. పడవ నీటిలో ఉండగా కవాటం మూయకుండా ఏ క్లిప్పునూ ముట్టుకోకూడదు, ఆ సంగతి వాళ్లకు మీకన్నా బాగా తెలుసు. అయినా గుర్తు చేస్తే తప్పులేదు.

ఏమి చూడాలి? పట్టీ కిందనుంచి రబ్బరు మీదికి కారిన గోధుమరంగు చార, స్క్రూ గూటి అడుగున పేరుకున్న మడ్డి, పట్టీ గాట్ల మూలల్లో సన్నని పగుళ్లు. పట్టీని ఆరపార చిల్లులు కోసి చేసిన క్లిప్పులకు ఆ మూలలే బలహీనం. గాట్లు అచ్చు వేసినట్టు పైపైనే ఉన్న పట్టీ అయితే బలం ఎక్కువ, రబ్బరును కూడా కోయదు. క్లిప్పుతో పాటు గొట్టం చివర కూడా చూడండి. రబ్బరు పగిలి ఉంటే, కొత్త క్లిప్పు పెట్టి ఉపయోగం లేదు.

నీటిమట్టానికి కింద ఉన్న గొట్టానికి చివర రెండేసి క్లిప్పులు వేస్తారు. ఇది మంచి పద్ధతి. ఒకటి తెగినా రెండోది పట్టుకుంటుంది. స్క్రూలు రెండూ ఒకే వరసలో కాకుండా ఎదురెదురుగా ఉండేట్టు వేస్తే నొక్కుడు సమంగా పడుతుంది. కానీ లోహపు మూతి పొట్టిగా ఉంటే రెండో క్లిప్పు మూతి దాటిపోయి ఉత్త రబ్బరు మీద కూర్చుంటుంది. అప్పుడది మూతి అంచుకు రబ్బరును నొక్కి నొక్కి కోసేస్తుంది. అలాంటిచోట సరిగ్గా కూర్చున్న ఒక్క క్లిప్పే నయం. ఇంకో సంగతి, రెండూ ఒకే రోజు ఒకే ఉప్పునీటిలో పుట్టి పెరిగిన కవలలు. ఒకటి కుళ్లిందంటే రెండోది ఏ స్థితిలో ఉందో ఊహించుకోవచ్చు.

కొత్తది వేశాక బలమంతా చూపించి బిగించనక్కర్లేదు. రబ్బరు పట్టీ పక్కల నుంచి ఉబికి వస్తోందంటే ఎక్కువైనట్టే. కవాటం తెరిచి, ఇంజను కాసేపు నడిపి, చేత్తో తడిమి చెమ్మ ఉందేమో చూడాలి. కొద్ది రోజులకు రబ్బరు అణగి పట్టు కొంచెం వదులవుతుంది, మళ్లీ ఒకసారి బిగించాలి. ఈ రెండోసారి బిగించడాన్నే చాలామంది మరిచిపోతారు.

సముద్రానికి దూరంగా, కరీంనగర్‌లోనో కర్నూలులోనో ఉన్నవాళ్లు ఏం చేయాలంటారా? మీ రసాయనశాస్త్ర పాఠంలో మూడు పరీక్షనాళికలు, మూడు మేకుల ప్రయోగం ఉంటుంది. దానికి నాలుగో మెట్టు మీరు కట్టండి. హార్డువేరు దుకాణంలో రెండు చిన్న క్లిప్పులు కొనండి. ఒకటి జింకు పూతది, ఒకటి స్టెయిన్‌లెస్. కర్రముక్కకు పాత సైకిలు ట్యూబు తొడిగి, దాని మీద రెండు క్లిప్పులూ బిగించండి. లీటరు నీటిలో 35 గ్రాముల ఉప్పు కలిపి, రోజూ పొద్దున కర్రను అందులో ముంచి తీసి, నీడలో వదిలేయండి. వారానికి ఒకసారి స్క్రూను వదులు చేసి పట్టీని పూర్తిగా విప్పి, అడుగు భాగం చూసి, బొమ్మ గీసి, తేదీ వేసి మళ్లీ బిగించండి. తుప్పు మొదట ఎక్కడ కనిపించింది: పట్టీ పైనా, కిందా, స్క్రూ గూటిలోనా? కనిపించకపోతే ‘కనిపించలేదు’ అని ఆ తేదీ దగ్గరే రాయండి. ఒక వేసవి సెలవులు పట్టవచ్చు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు.